కురవికి మొక్కిన జుట్టు, బీదర్ కత్తెర

మా ఆయన సోషల్ టీచరు. గంగారం అడవిలో ఉన్న బడిలో బహమనీ సుల్తానుల గురించి ఆయన ఎంత ఉత్సాహంగా చెప్పినా పిల్లలు కిటికీలోంచి కొండముచ్చులను చూస్తారే తప్ప ఆయనను చూడరు. ఆ లోటు తీర్చడానికి ఇంట్లో మేమున్నాం. వరుసగా సెలవులు కలిసి రాగానే, మహబూబాబాద్‌లోని మా అద్దె ఇంటి ముందుగదిలో నిలబడి, మాకు "చెక్కుచెదరని చారిత్రక నగరం" చూపిస్తానని ప్రకటించాడు. ఆ నగరం బీదర్. కర్ణాటకలో ఉందట కానీ మన జహీరాబాద్ దాటితే వచ్చేస్తుందట. కోట ఉందట, కందకం ఉందట, సుల్తానులు కట్టిన కాలేజీ కూడా ఉందట.

పోవడానికి ఒకే ఒక్క అడ్డంకి ఉంది. అది మా వాడి నెత్తి మీద ఉంది.

మా వాడికి మూడో ఏడు నడుస్తోంది. పుట్టిన దగ్గర నుంచి వాడి తలకు కత్తెర తగల్లేదు. ఆ పుట్టువెంట్రుకలు కురవి వీరభద్రస్వామికి ఇవ్వాలి. ఇది మా అత్తమ్మ చాదస్తమని మా కాలేజీ స్నేహితురాళ్లు అనుకుంటారు. పాపం ఆమెకేమీ సంబంధం లేదు. మొక్కింది నేను. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన నేను.

పుట్టిన కొద్దిరోజులకే కామెర్లు ఎక్కువై వాడిని నీలం దీపాల కింద అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ఆ నీలం వెలుతురు వాడి ఒంట్లోని పసుపును ఎలా విడగొడుతుందో నాకు తెలుసు. పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. తెలిసినంత మాత్రాన భయం పోతుందని మాత్రం ఏ పుస్తకంలోనూ లేదు. అద్దానికి నుదురు ఆనించి, "ఈరన్నా, వీణ్ని నాకిడిసిపెట్టు. వీని నెత్తి మీది ఎంటికె నీ గడపల దప్ప ఇంకేడ రాలనియ్య" అన్నాను. వాడిని ఇంటికి తెచ్చుకున్నాం. మాట తప్పితే ఇచ్చినవాడు వెనక్కి తీసుకుంటాడని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ భాగం నేనే చేర్చుకున్నాను.

కురవి మా ఇంటికి ఆటోలో పోయేంత దగ్గర. అందుకే పోలేకపోయాం. దూరపు ఊళ్లకైతే లాడ్జి బుక్ చేసుకుంటాం కాబట్టి పోక తప్పదు. పైగా పుట్టువెంట్రుకలకు మొదటి కత్తెర మేనమామ పట్టాలి. ఆ తర్వాతే మంగలి కత్తి. మా తమ్ముడు భూపాలపల్లి బొగ్గుబావిలో పనిచేస్తాడు. వాడికి సెలవు దొరికినప్పుడు మా ఆయనకు పరీక్షల డ్యూటీ. ఇద్దరికీ కుదిరినప్పుడు మా ఆయన పాలివాళ్లలో ఎవరో పోయారు, మైల. ఇలా వాయిదా పడుతూ పడుతూ వాడి జుట్టు నడుము దాకా వచ్చింది.

"ముందుగాల కురవికి పోయొద్దాం కొడుక. ఎంటికలిచ్చినంక మీ ఇష్టం, ఏడికన్న తిరుగుండ్రి" అంది అత్తమ్మ.

"బామ్మర్ది లేడు గదనే అమ్మా. వచ్చే నెల పోదాం. నా సెలవులు మల్ల దొర్కయ్. బీదర్ కోట వందల ఏండ్ల సంది గట్లనే ఉన్నది, చూడాలె."

"ఉంటే ఇంకో నెల గూడ ఉంటది గద?"

చరిత్ర చదువుకున్నవాడు దీనికి జవాబుగా పోయి కారులో పెట్రోలు పోయించుకొచ్చాడు. మరునాడు తెల్లారి బయలుదేరాం.

నేను సర్దిన సంచిలో జ్వరం మందు, వాంతుల మందు, థర్మామీటరు, కాచి చల్లార్చిన నీళ్లు, దోమల క్రీము, ఓఆర్ఎస్ పొట్లాలు ఉన్నాయి. ఆ సంచి చూసి మా ఆయన, "మనం బీదర్‌కు పోతున్నమా, బార్డర్‌కు పోతున్నమా?" అన్నాడు. అత్తమ్మ సంచిలో తినేవి మాత్రమే ఉన్నాయి. మా ఆయన సంచిలో బీదర్ చరిత్ర ఉంది.

జనగామలో ఇడ్లీల కోసం ఆగాం. ఇక్కడికి దగ్గర్లోనే ఖిలాషాపూర్ కోట ఉందని, వచ్చేటప్పుడు చూద్దామని మా ఆయన అన్నాడు. మన కోటలు ఎప్పుడూ వచ్చేటప్పుడు చూసేవే. నేను భూపాలపల్లిలో పుట్టి పెరిగాను. పక్కనే గణపురంలో కాకతీయుల నాటి కోటగుళ్లు ఉన్నాయి. బడి నుంచి చాలాసార్లు తీసుకెళ్లారు. ఆ గుళ్ల గురించి ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే, పులిహోరలో పల్లీలు సరిపోలేదని ఖచ్చితంగా చెప్పగలను.

బీదర్ నిజంగానే చెక్కుచెదరలేదు. పాత ఊరి దర్వాజా రాయి రాయిలా ఉంది. దాని కిందుగా ఆటో, వెనుక సిమెంటు లారీ, ఆ వెనుక పెళ్లి బ్యాండు, ఆ వెనుక మా కారు. సుల్తాను ఏనుగుల కోసం వెడల్పుగా కట్టించాడని మా ఆయన చెబుతుంటే, ఏనుగులు హారన్ కొట్టవు కాబట్టి అప్పుడు బాగానే ఉండి ఉంటుందని అనుకున్నాను. ఊరి నడిమధ్య గుండ్రటి ఎత్తైన బురుజు ఉంది. శత్రువులు వస్తున్నారేమో అక్కడి నుంచి చూసేవారట. ఇప్పుడు పావురాలు చూస్తున్నాయి.

మా వాడికి అత్తమ్మ రెండు జడలు వేసి ఎర్ర రిబ్బన్లు కట్టింది. ఆ రోజు బీదర్‌లో మమ్మల్ని చూసిన ప్రతివాళ్లూ వాడిని "గుడియా" అనీ "బేబీ" అనీ ముద్దుచేశారు. మొదట్లో మా ఆయన "లడ్కా హై, లడ్కా" అని, మగపిల్లవాడని సరిదిద్దాడు. తర్వాత మానేశాడు. ఒక పెద్దావిడ వాడి బుగ్గ గిల్లి, ఇంత అందమైన పిల్లకు గాజులెందుకు తొడగలేదని నన్ను కోప్పడింది.

సుల్తానుల కాలేజీ అంటే మదర్సా. ముందుగోడ మీద నీలం పెంకులు ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. మా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"గిది ఆ కాలంల యూనివర్సిటీ అమ్మా. దేశదేశాలకెళ్లి వచ్చి చదువుకునేటోళ్లు. ఈడనే ఉండుడు, ఈడనే తినుడు."

"ఏం పెడ్తుండిరి తిననీకి?" అంది అత్తమ్మ.

"అది పుస్తకంల రాయలే."

"మరేం రాసిండ్రు కొడుక పుస్తకంల?"

బజారులో బిద్రీ దుకాణానికి పోయాం. నల్లటి లోహం మీద వెండి తీగలు పొదిగిన గిన్నెలు, పెట్టెలు. ఆ నలుపు రావడానికి కోటలోని మట్టి వాడతారని, ఎండా వానా తగలని చోటి మట్టి మాత్రమే పనికొస్తుందని, మంచి మట్టో కాదో నాలుక మీద వేసుకుని తెలుసుకుంటారని దుకాణం ఆయన చెప్పాడు. కెమిస్ట్రీ చదివినదాన్ని కాబట్టి దాని గురించి ఏదో అడగబోయి పక్కకు చూస్తే, మా వాడు గుమ్మం దగ్గర బజారు మట్టిని పరీక్షిస్తున్నాడు. నోటి నిండా. నేను వేలు పెట్టి కక్కిస్తుంటే దుకాణం ఆయన, "మంచి నాలుక, నా దగ్గర వదిలేసిపోండి" అన్నాడు. ఆ రోజు నా సంచిలోంచి మొదట బయటికి వచ్చింది ఓఆర్ఎస్.

ఆ తర్వాత కోట. కోట చాలా బాగుంది. అంటే, పిల్లలు లేనివాళ్లకు. కందకం ఒకటి చాలదన్నట్టు వరసగా తవ్వించారు. గోడల మీద నడిచే దారి ఉంది కానీ పట్టుకోవడానికి ఏమీ లేదు. మెట్లు ఒక్కొక్కటీ మా వాడి నడుమంత ఎత్తు. శత్రువును చంపడానికి ఎన్ని ఏర్పాట్లు చేశారో మా ఆయన వివరిస్తుంటే, అవన్నీ ఇప్పటికీ పనిచేసే స్థితిలోనే ఉన్నాయని నాకు కనబడుతూనే ఉంది. నేను వాడి చెయ్యి వదల్లేదు. అత్తమ్మ వాడి జడ వదల్లేదు.

బురుజు మీద పొడవాటి ఫిరంగి ఉంది. పక్కన బోర్డు ఉంది. ఎక్కరాదని ఉంది. మా ఆయన బోర్డులు చదవకుండా వదిలే మనిషి కాదు. దాన్ని కన్నడంలో కూడబలుక్కుని, హిందీలో గడగడా, ఇంగ్లీషులో మా కోసం నెమ్మదిగా చదివాడు. చదివి, "ఒక్క ఫొటో" అంటూ వాడిని ఎత్తి ఫిరంగి మీద కూర్చోబెట్టాడు.

"పైలం కొడుక!" అని అత్తమ్మ అరిచింది.

"నేను పట్టుకున్న గదనే!"

పట్టుకున్నాడు. కానీ ఫోన్‌ను కూడా పట్టుకోవాలి కదా. వాడు పావురం కోసం తిరిగాడు. ఎండకు కాలిన ఇనుము తొడకు తగిలి ఎగిరిపడ్డాడు. కింద రాతి అరుగు అంచు.

ఏడుపు వెంటనే వచ్చింది. దేవుడి దయ. చెవి పైన జుట్టులోంచి రక్తం జడ వెంబడి దిగి, రిబ్బను ఎంత ఎర్రగా ఉందో తెలియకుండా చేసింది. నా సంచిలో అన్నీ ఉన్నాయని చెప్పాను కదా. దూది లేదు.

పాత ఊరి సందులో చిన్న దవాఖాన దొరికింది. డాక్టరు మా నాయిన కంటే చిన్న, మా ఆయన కంటే పెద్ద. జహీరాబాద్ వైపు చుట్టరికమట, తెలుగు వచ్చు. జుట్టు పక్కకు తీసి చూశాడు.

"లోతు ఎక్కువ లేదు. కుట్లు పడ్తయ్. ఈ చుట్టుపక్కల జుట్టు తియ్యాలె" అని కత్తెర తీసుకున్నాడు.

"ఆగండి" అన్నాను.

అందరూ నా వైపు చూశారు. మా ఆయన చూశాడు. వీడి జుట్టు గురించి ఇన్నాళ్లూ నన్ను ఆటపట్టించిన మా ఆయన అప్పుడు తన జేబురుమాలు మడిచి గాయం మీద అదిమాడు. తన తప్పు వల్ల రక్తం కారుతున్నప్పుడు ఎవరూ జోకులు వేయరు. అత్తమ్మ మాత్రం, "ఆగుడేంది పిల్లా? కొయ్యుండ్రి సార్" అంది.

"మేనమామ లేడు గద అత్తమ్మా" అన్నాను.

నా నోటినుంచి ఆ మాట ఎందుకు వచ్చిందో నాకు తెలుసు. నా గొంతులో ఉన్నది వేరే మాట. ఇక్కడ ఈ జుట్టు రాలితే వీడు నాకు మిగలడు. ఆ మాట డాక్టరు ముందు అనలేను. ఎమ్మెస్సీ అడ్డొస్తుంది. అందుకే మేనమామను అడ్డం పెట్టుకున్నాను. వాడు నా ఒళ్లో గింజుకుంటూ, "మమ్మీ, అబ్బు, అబ్బు" అని దెబ్బ చూపిస్తూ ఏడుస్తున్నాడు. మా ఆయన జేబురుమాలు తడిసి నా మోచేతి మీదికి కారుతోంది. నేనేమో అద్దాల పెట్టె ముందు ఏమన్నానో ఒక్కొక్క మాటా గుర్తు చేసుకుంటున్నాను, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని. దొరకలేదు. అప్పట్లో చాలా జాగ్రత్తగా మొక్కాను.

అత్తమ్మ నా మొహం చూసింది. ఏం చదివిందో నాకు తెలియదు. డాక్టరు వైపు తిరిగింది.

"సార్, నీకు అక్కచెల్లెండ్లున్నరా?"

"ఉన్నారమ్మా, నలుగురు."

"అయితే గిది ఐదోది. మా దాంట్ల పోరనికి మొదలు మేనమామ కత్తెర పట్టాలె. దీని తమ్ముడు బొగ్గుబాయిల ఉన్నడు, ఇప్పుడు రాడు. నువ్వు దీనికి అన్నవు. ఇగ వానికి మామవు. అయిపాయె."

డాక్టరు అత్తమ్మను చూశాడు, వాడి జడలను చూశాడు. "అరే, లడ్కా హై క్యా?" అన్నాడు. కాంపౌండరు నవ్వాడు. డాక్టరు నవ్వలేదు. కత్తెర స్పిరిట్‌తో మళ్లీ తుడిచి నా పక్కకు వచ్చి వంగాడు.

"చెల్లే, నేను మామూను. కోయనా?"

ఇక నేనే చెప్పాలి. అత్తమ్మ ఎన్ని చుట్టరికాలు కలిపినా మొక్కింది నేను, మాట ఇచ్చింది నేను. వీరన్నకు ఇచ్చిన మాట ఆయన గడప దాకా. ఈ దవాఖాన గడప ఆయనది కాదు. వాడి తల నా అరచేతిలో వేడిగా ఉంది. రక్తం ఆగడం లేదు.

"కోయన్నా" అన్నాను.

అత్తమ్మ చప్పున కొంగు పరిచి పట్టింది. మా దగ్గర మొక్కు వెంట్రుకలు నేలమీద పడకూడదు. రక్తంతో అట్టకట్టిన జుట్టు ఆమె తెల్ల జరీ కొంగులో పడింది. తిరగడానికి పోతున్నామని కట్టుకున్న కొత్త చీర అది. కుట్లు వేస్తున్నంతసేపూ వాడు డాక్టరుకు తెలిసిన అన్ని భాషల్లోనూ ఏడ్చాడు. అయిపోయాక అత్తమ్మ, "మామ ఉత్తచేతుల కోస్తడా? మేనల్లునికి ఏం పెట్టవా?" అంది. ఆయన సొరుగంతా వెతికి, నాలుక అదిమి చూసే కట్టెపుల్ల ఒకటి వాడి చేతిలో పెట్టాడు. వాడు ఏడుపు ఆపి దాంతో మామను కొట్టాడు.

"ఇవ్వాళా రేపూ కనిపెట్టి ఉండండి. వాంతులైనా, లేపితే లేవకపోయినా వెంటనే దవాఖానకు పోవాలె. కుట్లు మానేదాకా తల మీద కత్తి పెట్టొద్దు" అని చెప్పి పంపించాడు.

అంటే కురవి మళ్లీ వాయిదా.

మర్నాడు తిరుగు ప్రయాణం. అత్తమ్మ ఆ జుట్టును కొంగు నుంచి తీసి, కురవిలో ఇవ్వడానికి చేతిగుడ్డలో మూటగట్టి నడుముకు దోపుకుంది. దారిలో తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. ముందు పిల్లవాడికి ఎట్లుందని అడిగాడు. బాగానే ఉన్నాడని తెలియగానే అసలు సంగతికి వచ్చాడు.

"నేను బతికుండంగ వేరేటోడు కత్తెర పట్టుడేందక్కా?"

"రక్తం కారుతుందిరా."

"వీడియో కాల్ జేస్తే అయిపోవు గద! నేనీడికెళ్లి కొయ్యిమంటుంటి."

"అప్పుడు నువ్వు బాయి కింద ఉన్నవురా. అక్కడ సిగ్నలుంటదా?"

"మీ బావ మస్తు ఫికర్ జేసుకుంటుండు తమ్మీ, జర నువ్వు పరేషాన్ జెయ్యకు" అని మా ఆయన తన గురించి తనే నడిమధ్యలో చెప్పుకున్నాడు. తమ్ముడు ఆయన కోసం కొన్ని మాటలు దాచి ఉంచాడు. స్పీకర్ ఆపేశాను.

హైదరాబాద్ దాటాం. నేను వాడిని వెనక సీట్లోంచి నా ఒళ్లోకి తీసుకుని పడుకోనివ్వడం లేదు. కళ్లు మూస్తే చాలు, "నాన్నా, ఆవు! లారీ! అగో, ఇంకో లారీ!" అని లేపుతున్నాను. జనగామ దగ్గర పడుతుండగా వాడు ఒక్కసారి ముందుకు వంగి, నా ఒళ్లోనే భళ్లున వాంతి చేసుకున్నాడు.

నాకు ఆ తర్వాత కారు ఎట్లా పోయిందో తెలియదు. జనగామలో మొదట కనబడిన పిల్లల దవాఖాన ముందు ఆగాం. లోపల ఇంకొకరిని చూస్తున్నారు, కూర్చోమన్నారు. వాడు నా భుజం మీద మెత్తగా వాలిపోయాడు. వీరన్న లెక్క చూసుకున్నాడు అనుకున్నాను. కళ్లు మూసుకుని, పెదవులు కదిలిస్తూ, "ఈరన్నా, ఈసారి వీణ్ని..." అని మొదలుపెట్టాను.

అత్తమ్మ చెయ్యి వచ్చి నా నోరు మూసింది.

"ఆగు పిల్లా. మల్ల ఏదో ఒకటి అనకు. ఇప్పుడు అంటవు, ఇగ మూడేండ్లు మా పానం మీదికి తెస్తవు. ఎంటికలు అయిపాయె. ఇగ వానికి ముక్కూ చెవులూ ఉన్నయ్, అవన్న ఉండనియ్యి."

"అత్తమ్మా, వాడు వాంతి చేసుకున్నడు! డాక్టరు చెప్పలేదా?"

ఆమె కొంచెం పక్కకు చూసింది. "జిలేబి కక్కిండు."

"ఏం జిలేబి?"

"బీదర్ల కొన్న. ఏడుస్తుండె గద అని, నువ్వు ముంగట సీట్ల మాట్లాడేటప్పుడు పెట్టిన. పాలు గూడ తాగిండు దాని మీద."

"ఎన్ని పెట్టినవే అమ్మా?" అన్నాడు మా ఆయన.

"పెట్టెటప్పుడు ఎవలన్న లెక్కవెడ్తరా? నీకు పెట్టంగ లెక్కవెట్టిన్నా?"

నా చీర వైపు చూసుకున్నాను. నారింజ రంగు. ఎమ్మెస్సీ వరకు అక్కర్లేదు, ఎవరికైనా తెలుస్తుంది. కోపం రావాలి. బదులుగా కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను.

లోపల డాక్టరమ్మ వాడి కళ్లలో లైటు వేసి చూసింది, నడిపించి చూసింది, పేరు అడిగింది. వాడు పేరు చెప్పకుండా, "మామ కొట్టిండు" అని ఫిర్యాదు చేశాడు. ఆమె నవ్వి, ఏమీ భయం లేదని, నూనెవి తీపివి పెట్టకుండా చూడమని చెప్పింది. కట్టు విప్పి కుట్లు చూస్తూ ఆగింది. అటూ ఇటూ రెండు జడలు, ఒక చెవి పైన చెక్కేసిన చోటు.

"జుట్టు ఎవరు కోశారమ్మా, ఇంత వంకరగా?"

"వాళ్ల మామ" అన్నాను.

మళ్లీ కారెక్కాక వాడు నా ఒళ్లో నిద్రపోయాడు. పడుకోనివ్వచ్చని డాక్టరమ్మ చెప్పింది కాబట్టి పడుకోనిచ్చాను. తొర్రూరు దాటేదాకా పడుకోనిచ్చాను. తర్వాత లేపాను. లేపినందుకు వాడు గట్టిగా ఏడ్చాడు. ఏడుపు బాగానే ఉంది.